గోడ మీది పాప

ఆ చర్చి తాళాలు మా చేతికిచ్చింది ఎనభై ఏళ్ళ ముసలావిడ. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా వాడుకోండి, వెళ్ళేటప్పుడు హీటర్ తగ్గించండి, అంతే అంది. పందొమ్మిదివందల డెబ్భైల చివరి మాట ఇది. వర్జీనియాలో, హెర్న్‌డన్ నుంచి కారులో ముప్పావుగంట పోతే వచ్చే చిన్న ఊరు. అప్పటికి మేం పద్నాలుగు కుటుంబాలం. గుంటూరు లూథరన్లు, నెల్లూరు బాప్టిస్టులు, బందరు నుంచి మేమూ. మన దగ్గరైతే ఒకరి చర్చి గడప ఒకరం తొక్కేవాళ్ళం కాదు. అక్కడ మాత్రం తెలుగులో నాలుగు కీర్తనలు పాడుకునే చోటు దొరికితే అదే పదివేలనుకుని కలిసిపోయాం.

నేను సివిల్ ఇంజనీర్ని. హైవేలు డిజైన్ చేసే ఆఫీసులో వంగి కూర్చుని కల్వర్టులు గీసేవాణ్ణి. ఎక్కడ గోడ కనపడినా అది నిలువుగా ఉందా లేదా అని చూసే పాడు అలవాటు నాకు. ఆ చర్చిలో అడుగుపెట్టిన మొదటి ఆదివారమే నాకు చిరాకేసింది. ఏదీ తిన్నగా లేదు. హాలు స్తంభాలు ఏనుగు కాళ్ళంత లావు, వాటి మీద కమానులు గుండ్రం. లోపల ఆల్టర్, అంటే బలిపీఠం, ఉన్న గదిలో కిటికీలేమో మొనదేలి ఉన్నాయి. ఆ గది మొత్తం ఎడమకి వంగి ఉంది. వెనక గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఆల్టర్ మీది సిలువ సగమే కనిపిస్తుంది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ నేను మనసులో ఆ మేస్త్రీని తిడుతూ కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక తాళాలు తీసుకోవడానికొచ్చిన ఆవిడతో ఆ మాటే అన్నాను. ఆవిడ నవ్వి, "వంకర కాదు, అది కాపీ" అంది.

వందేళ్ళ కిందట ఇంగ్లండు నుంచి ఒకాయన వచ్చి ఇక్కడ రాతి గని పెట్టి బాగుపడ్డాడట. డబ్బొచ్చాక ఆయనకి సొంతూరి చర్చి మీద బెంగ పట్టుకుంది. ఓ మనిషిని అక్కడికి పంపి అంగుళం అంగుళం కొలిపించి, ఇక్కడ అచ్చం అలాగే కట్టించుకున్నాడు. అక్కడి చర్చి ఒక్కసారి కట్టింది కాదు. ముందు లావు స్తంభాల హాలు. నూటయాభై ఏళ్ళ తర్వాత ఎవరో ఆల్టర్ గది పొడిగించారు. అప్పటికి కమానులు మొనదేలడం మొదలైంది. కొత్త గదిని పాత హాలుకి తిన్నగా అతకడం వాళ్ళకి చేతకాలేదు. సిలువ మీద ప్రభువు తల వాల్చినట్టు కావాలనే అలా వంచారని అక్కడి భక్తులు చెప్పుకుంటారట. కొలతాడు పట్టుకున్నవాడు కునుకు తీశాడని నేను చెప్పుకుంటాను. ఆ తర్వాత గంటల టవరు. సగం లేచేసరికి ఊళ్ళో మహమ్మారి వచ్చి తాపీవాళ్ళు పోయారు. మిగతా సగం వాళ్ళ మనవల కాలంలో వేరే రంగు రాయితో లేచింది. అమెరికాలో గని యజమాని ఇవన్నీ చేయించాడు, చావులు తప్ప. టవరుకి రెండు రంగుల రాయి తెప్పించాడు. నాలుగొందల ఏళ్ళు పట్టిన చర్చిని రెండేళ్ళలో లేపేశాడు.

ముందు వాకిట్లో పైకప్పున్న చిన్న వసారా, దానికి రెండు వైపులా రాతి అరుగులు. మేం చెప్పులూ బూట్లూ అక్కడ విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. ఆ అరుగుల కింద పద్నాలుగు కుటుంబాల బూట్లు వరసగా ఉంటే ఆవిడ చూసి మురిసిపోయేది. పాతకాలంలో పెళ్ళి ప్రమాణాలు కూడా ఆ వసారాలోనే చేయించేవారట, ఆ తర్వాతే లోపలికి పిలిచేవారట. వసారాకి మళ్ళీ పనిపడింది అనేది. వాళ్ళ సంఘంలో మిగిలింది పది పన్నెండుమంది, అందరూ ఆవిడ ఈడువాళ్ళే. ఎనభై ఏళ్ళావిణ్ణి మా పిల్లలంతా ఆంటీ అనేవాళ్ళు. ఎవరూ దిద్దలేదు.

అసలు సంగతి బొమ్మది. హాలుకీ ఆల్టర్ గదికీ మధ్య పెద్ద కమాను ఉంది. దాని పైన గోడంతా తీర్పుదినం బొమ్మ వేసి ఉండేది. మధ్యలో ప్రభువు, కింద త్రాసు పట్టుకున్న దేవదూత. మనకి కుడివైపు పాపుల్ని దయ్యాలు మంటలోకి నెడుతుంటాయి. ఎడమవైపు పుణ్యాత్ములు సమాధుల మూతలు తోసుకుని లేస్తుంటారు. ఆ లేచేవాళ్ళలో చిట్టచివర ఆరేళ్ళ పాప. ఒక కాలు బయటపెట్టింది, ఇంకో కాలు ఇంకా లోపలే ఉంది. జడ భుజం మీంచి ముందుకి పడింది. మిగతా పుణ్యాత్ములందరూ ప్రభువు వైపు చూస్తుంటే ఈ పిల్ల మాత్రం కింద బెంచీల్లో కూర్చున్న మనవైపు చూస్తుంది.

ఆ పాప ఆవిడ చెల్లెలు. ఆవిడ నాన్న ఇళ్ళకి రంగులేసేవాడు, అంగళ్ళకి బోర్డులు రాసేవాడు. ఇంగ్లండు నుంచి తెప్పించిన నకలు చూసి ఆ గోడ బొమ్మ వేసే పని ఆయనకప్పగించారు. సగం అయ్యేసరికి చిన్నకూతురు గొంతుజబ్బుతో నాలుగు రోజుల్లో పోయింది. ఇంగ్లండు బొమ్మలో ఆ మూల పొడుగు టోపీ పెట్టుకున్న బిషప్పు ఉండాలి. ఆయన బిషప్పుని తీసేసి కూతుర్ని వేశాడు. సంఘంవాళ్ళు గొడవపడ్డారట గానీ చెరిపెయ్యమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పిల్లకి ఫోటో లేదు. అప్పట్లో అలాంటి ఇళ్ళలో ఎవరు తీయించారు కనక?

"నాకు తన ముఖం గుర్తులేదు. నాకు గుర్తున్నది ఈ ముఖమే" అంది ఆవిడ.

ఆవిడే ఇంకో కథ చెప్పింది. మా కొంప ముంచింది ఆ కథే. ఇంగ్లండులో అసలు బొమ్మని, చర్చిల్లో బొమ్మలు కూడదని రాజుగారి ఆజ్ఞ వచ్చినప్పుడు, సున్నం కొట్టి కప్పేశారట. ఏటా సున్నం మీద సున్నం. మూడొందల ఏళ్ళ తర్వాత ఎవరో గోడ బాగు చేయబోతే సున్నం పెచ్చు ఊడి, వెనక దేవదూత కాలు కనిపించింది. గీకి చూస్తే బొమ్మంతా నిక్షేపంగా ఉంది. రంగులు కూడా పోలేదు.

ఇది విన్న మా సంఘపెద్దకి ఉత్సాహం ఆగలేదు. ఆయనది తెనాలి వైపు, ఇక్కడ ఆస్పత్రి లాబ్‌లో పని. "చూశారా బ్రదర్, వీళ్ళదీ మనదీ ఒకటే పద్ధతి! మనం క్రిస్మస్‌కి సున్నం వేయమూ?" అన్నాడు.

వేస్తాం. డిసెంబరు వచ్చిందంటే మా ఊళ్ళో చర్చికి సున్నం వేయనిదే క్రిస్మస్ రాదు. సున్నపురాయి తొట్టెలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసా పొంగేది. చిటికెడు నీలిమందు కలిపి పీచు కుంచెలతో సంఘమంతా కొట్టేది. చేతులు పొక్కేవి. ఇన్నాళ్ళూ ఈ చర్చిని ఉత్తపుణ్యానికి వాడుకుంటున్నాం, ఈ ఏడు క్రిస్మస్‌కి లోపల సున్నం వేసి ఆవిడ రుణం కాస్త తీర్చుకుందాం అని తీర్మానించాం. అడిగితే ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. సరేనంది.

సున్నం కొనుక్కొచ్చే పని నాకిచ్చారు. హార్డ్‌వేర్ షాపులో సున్నం అంటే పచ్చగడ్డి బొమ్మున్న బస్తా తెచ్చి చూపించాడు. అది పెరట్లో గడ్డికి చల్లేది. గోడకి వేసేది కావాలంటే వాడు నన్ను ఎగాదిగా చూసి, లేటెక్స్ పెయింట్ డబ్బాల దగ్గరికి తీసుకెళ్ళాడు. పదేళ్ళు గ్యారంటీ, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, చేతికి అంటదు. నాకూ అదే నచ్చింది. సున్నానికేముంది, ముట్టుకుంటే అంటుకుంటుంది, ఏడాది తిరిగేసరికి మళ్ళీ వేయాలి. సంఘంలో ఒక్కడు, ఒకే ఒక్కడు, మా ఆవిడ వైపు బంధువు, "సున్నమే వెతుకుదాం బావగారూ, పాత గోడలు కదా" అన్నాడు. అతను అకౌంట్స్ మనిషి. నేను ఇంజనీర్ని. "ఇది అంతకంటే మంచిదయ్యా" అని నోరు మూయించాను. నా ఇంజనీరింగ్ తగలెయ్య.

రెండు శనివారాలు పట్టింది. బొమ్మ మీద చుక్క పడకుండా మా ఇళ్ళలోంచి దుప్పట్లు తెచ్చి కట్టాం. బొమ్మ అంచుల వెంట చిన్న బ్రష్షుతో నేనే వేశాను. ఆడవాళ్ళు పులిహోర, చికెన్ తెచ్చారు. పని అయ్యాక దుప్పట్లు దించితే తెల్లటి గోడ మధ్య బొమ్మ కొత్తగా వేసినట్టుంది. ఆవిడ మొదటి బెంచీలో కూర్చుని చెల్లెల్ని చూసుకుంటూ ఉండిపోయింది. ఆ క్రిస్మస్‌కి మేం పాడినంత గట్టిగా మళ్ళీ ఎప్పుడూ పాడలేదు.

వేసవి వచ్చేసరికి పాప పాదాల దగ్గర తెల్లగా ఉప్పు పూసింది. దుమ్మనుకున్నాం. ఆ చలికాలానికి అది మోకాళ్ళ దాకా పాకింది. ఆ పై ఏడు ఓ ఆదివారం, ప్రసంగం నడుస్తుండగా, మా అమ్మాయి నా మోచెయ్యి గుంజి, "నాన్నా, ఆ గర్ల్‌కి నోస్ లేదు" అంది.

తలెత్తి చూశాను. లేదు.

ఆ చర్చిని చూసుకునే పై ఆఫీసువాళ్ళు పాత గోడ బొమ్మలు బాగుచేసే మనిషిని పంపారు. ఆయన నిచ్చెన ఎక్కి వేలి కణుపుతో గోడంతా తట్టి చూశాడు. బొమ్మ చుట్టూ డొల్ల మోత. కిందికి దిగి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ తెల్ల పెయింట్ ఎవరు వేశారు?"

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచేలోగా ఆవిడ "మేమే" అంది. అంతే. నేను నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆయన చెప్పింది చాలా సులువైన సంగతి. రాతిగోడ ఎప్పుడూ కొంత తడి పీలుస్తుంది. పైకప్పు అతుకు దగ్గర ఈ గోడకి ఇంకా ఎక్కువ. సున్నం పూతలోంచి ఆ తడి ఆరిపోతుంది. లేటెక్స్ మాత్రం ప్లాస్టిక్ తొడుగు, దాన్ని బయటికి పోనివ్వదు. దాంతో గోడ తడంతా పెయింట్ లేని ఒక్క చోటికి, అంటే బొమ్మలోకి, దారి చేసుకుంది. తడితో పాటు వచ్చిన ఉప్పు రంగుని వెనకనుంచి తోసేస్తోంది. మేం అంత జాగ్రత్తగా దుప్పట్లు కట్టి కాపాడిన చోటే మొత్తం తడికి గుమ్మమైంది. పెయింట్ ఊడదీస్తే? గోడ గచ్చు కూడా దాంతోనే వస్తుంది, బొమ్మ అంచులతో సహా. మరేం చేయాలి? "ముట్టుకోకండి" అన్నాడాయన. ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఫోటోల్లో పాప ముఖం ఉన్నచోట మసకబారిన మరక కనిపించింది. దగ్గరికెళ్ళి చూస్తే కంటికి ఇంకా ముఖం ఆనేది, కెమెరాకి ఆనలేదు.

తర్వాత మేం చేసిందల్లా ఎదురుచూడటమే. ప్రతి ఆదివారం బూట్లు విడిచి లోపలికి వెళ్ళడం, తలెత్తి చూడటం. ఈ వారం చెవి. వచ్చే వారం గడ్డం పక్కన మచ్చంత. కింద బెంచీల మీద రంగు పొడి, కుంకుమ రాలినట్టు. సంఘపెద్ద ఉపవాస ప్రార్థన పెట్టించాడు. మా బంధువు నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది. వారం వారం తలెత్తి చూడటం తప్ప చేసేదేం లేకపోయింది.

జనవరిలో ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. "మీరు రోడ్లు గీస్తారు కదా. పూర్తిగా పోకముందు తన గీతలు తీసిపెట్టండి. అంత సైజులోనే. నాకు రంగులు అక్కర్లేదు" అంది.

కాదనడానికి నాకు నోరెక్కడిది? ఆఫీసులో దొరికే మంచి డ్రాఫ్టింగ్ ఫిల్మ్ తెచ్చాను. కాగితం కాదు, పాలిస్టర్. చిరగదు, సాగదు, దాని మీద గీసిన గీత ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఓ శనివారం పొద్దున్న ఇనప నిచ్చెనల మంచె కట్టుకుని ఎక్కాను. ముట్టుకోవద్దన్నాడు కదా, అందుకని ఫిల్మ్‌ని చెక్క చట్రానికి బిగించి బొమ్మకి అంగుళం ఎడంగా నిలబెట్టాను. చుబుకం గీశాను. జడ గీశాను. సన్నటి బుగ్గ గీత దగ్గరికొచ్చేసరికి ఫిల్మ్ మీద నా పెన్సిల్ పొడి అడ్డొచ్చింది. ఆఫీసులో రోజుకి వందసార్లు చేసేదే, అలవాటుగా స్వెటర్ చేతి అంచుతో తుడిచాను.

అమెరికా చలికాలంలో కార్పెట్ మీద నడిచి తలుపు పిడి పట్టుకుంటే చురుక్కుమంటుందే, ఆ కరెంటే. ఉన్ని స్వెటర్, పొడిగాలి, పాలిస్టర్. నా కళ్ళముందే పాప బుగ్గ గోడ మీంచి లేచి ఫిల్మ్‌కి వచ్చి అతుక్కుంది. ఆ వెంటే కళ్ళు. చిన్న చప్పుడు కూడా లేదు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఫిల్మ్ లాగితే మిగతాది వస్తుందేమో, అలాగే ఉంచితే ఇంకా వస్తుందేమో, ఏం చేయాలో తెలియలేదు. చట్రాన్ని రవ్వంత వెనక్కి జరిపాను. ఆ కదలికకి నుదురు కూడా వచ్చేసింది.

ఆ చట్రాన్ని నిండు పళ్ళెంలా రెండు చేతులతో పట్టుకుని దిగాను. ఆవిడ మొదటి బెంచీలోంచి లేచి నిలబడింది. పైకి చూడలేదు, చట్రంలోకే చూసింది. అప్పుడు చెప్పేశాను. సున్నం కాకుండా ఆ పెయింట్ ఏరి కొన్నది నేను, సున్నం వెతుకుదామన్నవాణ్ణి నోరు మూయించింది నేను, ఇప్పుడిది కూడా నేనే. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

"ఆయన గోడ తట్టిన రోజే నాకు తెలుసు. సరేనన్నది నేను. ఆ క్రిస్మస్‌కి తను ఎంత బాగుందో" అంది ఆవిడ. చట్రం మీదికి వంగి, "మీరు తనని అంగుళం దూరంలోంచి చూశారు. ఇప్పుడు అలా చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. మిగతాది గీయండి" అంది.

ఇంటికి తెచ్చాను. నాలుగు రోజుల్లో ఆ కరెంటు చచ్చిపోయి రంగు పెచ్చులన్నీ చట్రం అంచులోకి రాలిపోయాయి. ఫిల్మ్ మీద మిగిలింది చుబుకం, జడ, మధ్యలో ఖాళీ. ఐదేళ్ళు ప్రతి ఆదివారం చూసిన ముఖం. కళ్ళు మూసుకుంటే కనిపిస్తోంది, పెన్సిల్ పట్టుకుంటే మాయమవుతోంది. ఎన్నిసార్లు గీసినా చేతికి వచ్చేది ఒకటే, టేబుల్‌కి అటుపక్క హోంవర్క్ చేసుకుంటున్న మా అమ్మాయి ముఖం. దానికప్పుడు ఏడేళ్ళు. రబ్బరుతో చెరిపాను, మళ్ళీ అదే వచ్చింది. చివరికి సిగ్గు విడిచి అలాగే ఉంచేసి పట్టుకెళ్ళాను. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు కదా అని నాలో నేను సర్దిచెప్పుకున్నాను.

ఆవిడ కళ్ళజోడు మార్చుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. కనుబొమ మీద వేలు పెట్టి, "ఇది మీ అమ్మాయి" అంది.

క్షమించమన్నాను.

ఆవిడ ఆ ఫిల్మ్‌ని జాగ్రత్తగా చుట్టి నా చేతిలో పెట్టింది. "దీన్ని మీరే ఉంచుకోండి. పిల్లల ముఖాలు నిలవవు. మా నాన్న ఆ భయంతోనే గోడెక్కాడు."

మరుసటి ఏడు ఆవిడ పోయింది. చర్చి మూసేశారు, మేం ఓ స్కూలు జిమ్‌లోకి మారాం. ఆ ఫిల్మ్ చుట్ట ఇన్ని ఇళ్ళు మారినా నాతోనే ఉంది. అది నిజంగానే చిరగలేదు, సాగలేదు. మొన్న సామాను సర్దుతుంటే మా అమ్మాయి దాన్ని విప్పి వెలుతురుకి పట్టుకుని చూసింది. దానికిప్పుడు పెళ్ళయింది, పిల్లలున్నారు.

"ఎవరు నాన్నా ఈ పాప?" అంది.

నేనూ చూశాను. గోడ మీది పాపో, ఏడేళ్ళప్పటి మా అమ్మాయో చెప్పలేకపోయాను.